పెళ్లిపీటకి ఆయుధపూజ

ఎడ్మంటన్. విజయదశమి ఉదయం. బేస్‌మెంట్‌లో పూజ పెట్టిన బల్ల ముందు ఇంటి యజమాని కేశవరావు, కింద అద్దెకుంటున్న కాలేజీ అమ్మాయి నిఖిల.

“ఆ గుడ్డ నువ్వే తియ్యి నిఖిలా. నాకు చెయ్యి రావట్లేదు.”

“ఎప్పుడో తీసిన అంకుల్. మీరే కళ్లు మూసుకున్నరు.”

“తీశావా? ఎలా ఉంది?”

“పసుపు పసుపుగనే ఉంది.”

“పసుపు సంగతి కాదమ్మా. దాని కింద బ్లేడు.”

“బ్లేడు... కొంచెం ఎర్రగుంది.”

“కుంకుమా?”

“కుంకుమ అనుకుందాం.”

“అనుకోవడం ఏమిటి? వేలితో తుడిచి చూడు.”

“తుడిస్తే పోతలేదు.”

“అయితే తుప్పు.”

“తుప్పే అంకుల్.”

“ఉద్యోగం చేసినన్నాళ్లూ గొట్టాలకి తుప్పు పట్టకుండా చూసిన ఇంజినీర్ని నేను. ఈ అల్బర్టాలో భూమి కింద ఆయిలు గొట్టం ఎక్కడ తుప్పు పట్టినా నాకే ఫోను. రిటైరైన రోజున అద్దాల ఫలకం కూడా ఇచ్చారు, ‘తుప్పు నివారణలో విశిష్ట సేవ’ అని. అలాంటి మహానుభావుడు జపాన్ ఉక్కు మీద తడి పసుపు పూసి, నిమ్మకాయ కోసి పెట్టి, కొబ్బరినీళ్లు చల్లి, నవరాత్రులు అన్నాళ్లూ కదపకుండా కూర్చోబెట్టాడు. ల్యాబులో తుప్పు తొందరగా రప్పించాలన్నా మేం ఇంత భక్తిగా చేసేవాళ్లం కాదు.”

“బొట్లు పెట్టింది నేనే కదా. నన్ను గూడ అనుండ్రి.”

“నువ్వు చిన్న బొట్టే పెట్టావు. ఇంకాస్త పూయమ్మా, చల్లగా ఉండాలి అన్నది నేను.”

“పూజల పెట్టిన మా ల్యాప్‌టాప్‌లకైతే ఏం కాలే. హర్షిణి వర్క్ పర్మిట్ కాగితాల మీద రెండు చుక్కలు పడ్డయి గని, ఆరబెట్టుకుంది.”

“హర్షిణి ఎవరు? కింద మీరు నలుగురే కదా?”

“వస్తుంటది అంకుల్. అప్పుడప్పుడు.”

“అప్పుడప్పుడు వచ్చే పిల్లకి చెప్పుల స్టాండులో మూడు జతలెందుకమ్మా?”

“ఇండ్లు దొరుకుతలేవు అంకుల్. మా కాలేజీల అడ్మిషన్లు ఇచ్చినప్పుడల్ల ఇంకో ఊరంత మంది దిగుతున్నరు.”

“సరేలే. ఆ పంచాయితీ ఇవాళ వద్దు. నా ఏడుపు నాకుంది. బ్లేడు ఊడుతుందేమో చూడు.”

“వస్తలేదు. చెక్క నీళ్లు తాగి ఉబ్బినట్టుంది. దీన్ని ఏమంటరు? మా దిక్కు రందా అంటరు.”

“చెక్క నున్నగా చిత్రిక పట్టేది. పేరు తెలుసుకున్నంత తొందరగా వాడడం తెలుసుకుని ఉంటే బావుండేది.”

“ఆన్‌లైన్ల ఇంకోటి తెప్పిద్దాం అంకుల్. గంత పరేషాన్ ఎందుకు?”

“ఇది నేను కొన్నది కాదు నిఖిలా. మొరిత గారు ఇచ్చింది.”

“మొరిత అంటే... ఇషితక్క మామగారు?”

“కాబోయే మామగారు. శనివారం పెళ్లయ్యేదాకా ఆ మాట వాడాలి, నా తెలివితేటలతో ఏదైనా జరగొచ్చు. ఎండాకాలంలో పెళ్లికొడుకు కెంజీ వాళ్లమ్మా నాన్నల్ని చూడ్డానికి జపాన్ వెళ్లాం కదా, మీ ఆంటీ, నేనూ, మా ఇషితా. ఉత్తి చేతులతో వియ్యాలవారి ఇంటికి వెళ్లకూడదని కుంకుమ భరిణె ఒకటి నా చేత్తో చేసి పట్టుకెళ్లాను.”

“మంచిగనే చేసిన్రు కదా?”

“గుండ్రంగానే వచ్చింది. మూతే రాదు. మొరిత గారు అటు తిప్పి, ఇటు తిప్పి, లోపలేదో దైవ రహస్యం ఉందనుకున్నాడు కాబోలు, రెండు చేతులా కళ్లకద్దుకుని దేవుడి పక్కన పెట్టేశాడు. నేనూ ఓ దణ్ణం పెట్టాను.”

“ఆయన వడ్ల పని చేస్తరా?”

“బ్యాంకు మేనేజరమ్మా. నాలాగే రిటైరై కొయ్యపనిలో పడ్డాడు. నాకూ ఆయనకీ ఒకటే తేడా, ఆయన చేసిన కుర్చీ మీద మనుషులు కూర్చుంటారు.”

“మీ కుర్చీ మీద?”

“ఇషితకి చిన్నప్పుడొకటి చేశాను. అది కూర్చోలేదు, దాని బొమ్మ కూర్చునేది. బొమ్మకి చాలా నచ్చింది నాన్నా అనేది. అప్పట్నుంచీ దానికి ఎన్ని చేశానో. పెన్నుల స్టాండు, నగల పెట్టె, అద్దం ఫ్రేము. అన్నిటికీ థాంక్యూ చెప్పింది. ఒక్కటీ వాళ్ల ఇంట్లో కనబడదు. నా పిచ్చి గాని, నేనైనా పెట్టుకుంటానా అలాంటివి?”

“నాకిచ్చిన గరిటె నేను వాడుతున్న అంకుల్.”

“దేనికి?”

“...కిటికీ తెరిచి పెట్టనీకి.”

“చూశావా. అదైనా ఉపయోగమే.”

“సారీ అంకుల్.”

“ఎందుకులే. విను. మర్నాడు మొరిత గారు నన్ను పనిముట్ల బజారుకి తీసికెళ్లాడు. వీధి వీధంతా రంపాలు, ఉలులు. మీ ఆంటీ గుడికి వెళదామంది. ఇదే గుడి అన్నాను. ఆ ఉలిని పట్టుకున్నా, ఈ రంపాన్ని పట్టుకున్నా, కోఠీలో బేరమాడినట్టు సగానికి అడిగాను. కొట్టాయన నవ్వి టీ ఇచ్చాడు. బేరం మాత్రం తెగలేదు. చివరికి ఇది పట్టుకుని, నా ప్రతాపం చూపిద్దామని అక్కడున్న చెక్క మీద పెట్టి గట్టిగా ముందుకి తోశాను.”

“అట్లనే కదా చేసేది?”

“మన దగ్గర. వాళ్లు వెనక్కి లాగుతారు. ఇది నా చేతిలోంచి జారి టీ కప్పుల మీద పడింది. ఇషిత మొహం ఎర్రబడిపోయింది. మొరిత గారు మాత్రం ఏమీ ఎరగనట్టు దీన్ని తీసి, తుడిచి, డబ్బు కట్టి, నా చేతిలో పెట్టాడు. నేనేం చెయ్యాలి? థాంక్స్ చెప్పి ఊరుకోవాలి కదా?”

“ఊరుకోలేదా?”

“ఊరుకుంటే నేను కేశవరావునెందుకవుతాను? ఆ రాత్రి భోజనాల దగ్గర మన పెళ్లిళ్లలో పీటల సంగతి ఎత్తాను. పిల్లా పిల్లాడూ కొయ్యపీటల మీద కూర్చుంటారు, అవి తండ్రులు చేస్తే ఎంతో శుభం అన్నాను.”

“అట్లాంటి ఆచారం ఉందా?”

“ఎక్కడుంది? అప్పుడే పుట్టించాను. ఇషిత నా మొహం వంక చూస్తూ తర్జుమా చేసింది. మొరిత గారు లేచి నిలబడి, అయితే పిల్లాడి పీట నేను చేస్తాను, పిల్ల పీట మీరు చెయ్యండి, అదీ ఈ పనిముట్టుతోనే అన్నాడు. ఆపేవాళ్లు లేక నేనూ సరే అన్నాను.”

“ఎండాకాలం నుంచి ఇంక మొదలే పెట్టలే?”

“మంచిరోజు చూసి మొదలుపెడదామని. ముందు శ్రావణం అన్నాను, తర్వాత వినాయకచవితి అన్నాను. ఆ తర్వాత, ఆయుధపూజ చేసి విజయదశమి నాడే పట్టుకుంటా, ఈలోగా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దన్నాను. అసలు సంగతి చెప్పనా? భయం. చెక్క తెచ్చి గరాజ్‌లో పెట్టాను, దాని వంక చూడ్డానికే భయం. పని ఎగ్గొట్టడానికి దేవుణ్ణి మించిన సాకేముంది? పెళ్లి కూడా చూడు, పంతులుగారికీ హాలుకీ కలిసి ఖాళీ దొరికిందే ముహూర్తం. నాలుగు రోజుల్లో వచ్చి పడింది. మొరిత గారు ఎల్లుండి దిగుతున్నాడు.”

“అంకుల్, ఒక మాట చెప్త. మిల్ వుడ్స్‌ల ఇండియన్ స్టోర్ల పీటలు ఉంటయి.”

“ఉంటాయి.”

“స్టిక్కర్ పీకేస్తే అయిపాయె.”

“పీకి?”

“మీరే చేసిన్రు అంటే ఎవరికి తెలుస్తది?”

“నేను చేశానంటే ఎవరూ నమ్మరమ్మా, నాలుగు కాళ్లూ నేలకి ఆనుతాయి దానికి.”

“ఒక కాలు కొంచెం గీకుదాం.”

“నిన్ను మార్కెటింగ్ చదివిస్తున్న కాలేజీవాళ్లకి దణ్ణం పెట్టాలి. మరి నేనిచ్చిన పనిముట్టేది అని ఆయన అడిగితే?”

“ఎయిర్‌పోర్ట్‌ల గుంజుకున్నరు అని చెప్పుండ్రి. బ్లేడు కదా.”

“తిరిగొచ్చి ఇల్లు చేరగానే దీన్ని పట్టుకుని ఫోటో దిగి పంపించాను. రెండు ఫోటోలు.”

“దొంగలు పడ్డరు?”

“దొంగలు కారు వదిలేసి దీన్ని ఎత్తుకుపోయారా?”

“పోనీ నిజం చెప్పుండ్రి. పూజ చేస్తే తుప్పు పట్టింది అని.”

“తుప్పు ఇంజినీరుని, తుప్పు పట్టించాను అని ఏ మొహంతో చెప్పను? మింగలేను, కక్కలేను. ఉండు, ఫోను మోగింది. కళ్లజోడు లేదు, ఎవరో చూడు.”

“ఇషితక్క. ఫోటో పెట్టింది. అంకుల్...”

“ఏమిటి?”

“మొరిత గారు పీటలు చేసిన్రు. ప్యాక్ చేస్తున్నరంట.”

“చేశాడా? బావుందా?”

“పీట కాదు అంకుల్. పీటలు. రెండున్నయి.”

“రెండా?”

“ఒకటి మామూలుది, ఇంకోటి దాని కన్న పెద్దగ. మస్తున్నయి. మీరు బతికిపోయిన్రు. ఇగ ఏం చెప్పే పని లేదు.”

“రెండూ ఆయనే చేసేశాడన్నమాట.”

“సంతోషపడాలె కదా?”

“పడతాను. పడుతున్నాను. నిజానికి నువ్వు ఆ మాట అనగానే గుండెల మీంచి బండ దిగినట్టయింది. దిగిన చోటే నొప్పిగా ఉంది, అంతే.”

“అంకుల్...”

“ఆయనకి కొట్లోనే తెలిసిపోయుంటుంది నా చేతకానితనం. పెద్దమనిషి, నన్ను చిన్నబుచ్చకుండా చూసుకున్నాడు. తప్పు పట్టడానికేం లేదు. కాని నా కూతురమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ దానికోసం ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను, ఒక్కటీ దాన్ని మొయ్యలేదు. పెళ్లినాడు ఒక్క గంట కూర్చుంటుందనుకున్నాను. వంకరగా ఉన్నా కూర్చుంటుంది, పీటల మీదనుంచి లేవకూడదు కదా పాపం, తప్పించుకోలేదు.”

“ఏడుస్తున్నరా?”

“పసుపు కళ్లలో పడింది. ఏడుస్తున్నానులే. మీ ఆంటీకి చెప్పకు, ఇంకా నవ్వుతుంది.”

“మళ్ల మోగుతుంది. ఈసారి కాల్. ఇషితక్కే.”

“స్పీకర్‌లో పెట్టు. నా చేతులు తడిగా ఉన్నాయి. ఆ, చెప్పు తల్లీ.”

“నాన్నా, ఫోటో చూశావా? నో రిప్లై.”

“చూశాను తల్లీ. చాలా బావున్నాయి. మొరిత గారికి నా తరఫున థాంక్స్ చెప్పు. నీ పీట మరీ బావుంది. పెద్దగా, నీ చీర పరుచుకోవడానికి వీలుగా.”

“నా పీటా? అందులో నాది లేదు.”

“అదేమిటి? రెండున్నాయిగా.”

“చిన్నది కెంజీది. పొడుగ్గా ఉన్నది నీకూ అమ్మకీ. కన్యాదానం అప్పుడు పేరెంట్స్ కూడా కూర్చుంటారని ఎక్కడో చదివారట, ఇద్దరికీ కలిపి ఒకటే చేశారు. మరి ఇషితది ఎవరు చేస్తారని కెంజీ అడిగితే ఆయనకి కోపం వచ్చిందట నాన్నా. ‘వాళ్ల నాన్న బతికుండగా దాన్ని నేనెలా ముట్టుకుంటాను’ అన్నారట.”