మంగరాజు గారి లావు టైరు

కొత్తపేటలో రేవతి టీకొట్టు. జనార్దన్ తన పాత మోటారుసైకిలు వెనక చక్రం ఊడదీసుకొచ్చి బల్లకి ఆనించాడు. టైరు అరిగి నున్నగా అయిపోయింది. రేపు పొద్దున్నే భార్య ఉమాదేవిని వెనకాల కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద వెళ్లాలి. కొత్తది ఏ సైజు వెయ్యాలండీ అని అడగడమే అతను చేసిన పాపం. ఎదురు బల్ల మీద టీ తాగుతున్న మంగరాజు గారికి కోపం వచ్చేసింది.

"సైజా? ఎవడు చెప్పేడయ్యా నీకు సైజని? ఆ టైర్ల కొట్టువాడేనా? పాతదాని మీద అంకెలు చూసి, అదే వేసుకో, మూడంగుళాలు మించితే బండికి పట్టదు అన్నాడా? నాకూ అదే కూత కూసేడు. ఒళ్లు మండిపోయింది. బండి నాది, మధ్యలో నీ మూడంగుళాలేంటోయ్ అని, నాలుగున్నర అంగుళాలది తెచ్చి నా చేత్తో నేనే బిగించేను. వానకి గట్టంతా జారుడు, అందరి బళ్లూ కాలవలోకి పోతుంటే నాది బల్లిలా పట్టుకుని వెళ్లింది."

"ఆయ్," అన్నాడు జనార్దన్.

"ఆయ్ కాదు, విను. మర్నాడు రెండొందల కొబ్బరికాయలేసేను, పైన నాలుగు అరటిగెలలు, ఆ పైన మా ఆవిడ. టైరు నొక్కుకుంటే ఒట్టు. అడ్డదారిన నీళ్లు పెట్టిన చేలో దిగేను. కూరుకుపోతానని గట్టు మీద నిలబడి నవ్వేరు వెధవలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతలి గట్టెక్కి వెనక్కి చూద్దును గదా, ఎకరం చేను దమ్మయిపోయి నాట్లకి సిద్ధంగా ఉంది. ఊరంతా ట్రాక్టర్లు వెనక్కి పంపించేసి మా ఇంటి ముందు వరస కట్టేరు."

"మరి కాయలండీ?" రేవతి గ్లాసులు కడుగుతూ అడిగింది.

"ఒక్కటి జారలేదు. మధ్యలో అడ్డు రాకమ్మా, నాకు మండుతుంది. అసలు సంగతి గోదారి దగ్గర. ముక్తేశ్వరం రేవులో నిండా జనాన్నీ బళ్లనీ ఎక్కించుకుని బయల్దేరిన పంటు, నడి గోదార్లో ఇంజను ఆగిపోయింది. అందులో పెళ్లివారున్నారు, ముహూర్తం దాటిపోతోంది. గట్టు మీద మగాళ్లేమో ఫోన్లు పెట్టి వీడియోలు తీస్తున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. గేరేసి బండిని నీళ్ల మీదికే దూకించేను. మునిగిందా? తారురోడ్డు మీద పోయినట్టు పోయింది. పంటుకి మోకు కట్టి కోటిపల్లి దాకా లాక్కెళ్లేను. పంచె అంచు తడవలేదు. అలాంటి టైరుని పట్టుకుని, పట్టదంటాడా వాడు? అబ్బాయ్, నాలుగున్నరదే వెయ్యి. సన్నది తెచ్చేవో, ఇంక నా మొహం చూడకు."

బల్ల చివర కూర్చున్న రత్నం ఆ పంటు మీదే పనిచేస్తాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"మంగరాజు గారూ, ఆ టైరు గోదారి దాటిన మాట నిజమేనండి. రోజూ దాటుతోంది. మీరు బిగించేక అది చైనుకి రాసుకుని, చక్రం బిగుసుకుపోయి, మీ వీధి చివరే మిమ్మల్ని పంటబోదె నీళ్లలో పడేసింది గదండి. పంటు రేవుకి కొట్టుకోకుండా పక్కన కట్టుకోమని మీరే తెచ్చి ఇచ్చేరు."

మంగరాజు గారు లేచి నిలబడ్డారు. "కట్టేక పంటుకి ఒక్క దెబ్బ తగిలిందా? ముందు అది చెప్పు."

జనార్దన్ చక్రం భుజాన వేసుకున్నాడు. మొహం ఎర్రబడింది.

"పంటుకి తగల్లేదండి. మీ మాట వింటే మా ఉమాదేవికి తగిలేది."