మైకులో చెప్పిన సాక్ష్యం

ఇబాదాన్ నగరంలో, పుట్టుకతో సికిల్‌సెల్ రక్తజబ్బు ఉన్నవాళ్ల క్లినిక్ బయట, నా పక్క బెంచీ మీద ఒక తల్లి, పందొమ్మిదేళ్ల కొడుకు కూర్చున్నారు. వయసుకొచ్చిన పిల్లల క్లాసు అప్పుడే అయింది.

“నర్సు ఫొలాషాదె ఇవాళ మగపిల్లల్ని విడిగా కూర్చోబెట్టిందమ్మా. తెల్లవారుజామున నాకక్కడ బిగుసుకుపోయి నొప్పెడుతుందే, దాని గురించి చెప్పింది.”

“మెల్లగా మాట్లాడు. మనుషులున్నారు.”

“అది చెడ్డ ఆలోచనల వల్ల కాదట. కాళ్లలో రక్తం అడ్డంపడి నొప్పెట్టినట్టే అక్కడా అడ్డంపడుతుందట. గంటల తరబడి తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి రావాలట. ఆలస్యం చేస్తే రేపు కాపురానికి పనికిరాకుండా పోవచ్చట.”

“పాస్టరుగారు కామపిశాచం అన్నారురా.”

“నువ్వెళ్లి చెబితేనే కదా అన్నారు.”

“బాత్రూములో నువ్వలా ముడుచుకుని ఉంటే నేనేమనుకోవాలి?”

“నొప్పనుకోవాల్సింది. పిశాచం వదలాలని ఉపవాసం పెట్టించి నీళ్లు కూడా తాగనివ్వలేదు. నీళ్లు తగ్గితే ఇంకా ఎక్కువవుతుందట.”

“కాళ్లు నొప్పంటే తెల్లార్లూ ఒత్తేదాన్ని. దీనికి మాత్రం మొహం తిప్పుకున్నాను.”

“అది సరే. చర్చిలో మైకు పట్టుకుని, నా కొడుకుని పిశాచం వదిలిందని సాక్ష్యం చెప్పావే. ఆడపిల్లలు నా వరసలో కూర్చోవడం మానేశారు. ఆ తర్వాత కూడా నొప్పి వచ్చిందమ్మా. నీకు చెప్పలేదు.”

ఆమె సంచిలోంచి నీళ్ల ప్యాకెట్ తీసి, దాని మూలను పంటితో కొరికి, అతని చేతిలో పెట్టింది.

“వచ్చే ఆదివారం మళ్లీ మైకు అడుగుతాను.”

“వద్దమ్మా, పరువు పోతుంది.”

“ఈసారి పోయేది నాదిలే. నువ్వు తాగు.”