కరివేపాకు కుండీ కింద కవరు

ఆ ఎన్నికల బోర్డు జోలికి పోవద్దన్నానా లేదా? వదిలెయ్యి మేధా. మీ అమ్మ పంపిందా, పీకెయ్యమని? వీధిలో అందరూ తీసేశారట, మన వాకిట్లోనే ఇంకా నిలబడి ఉందట, ఆవిడ తలెత్తుకోలేకపోతోందట. ఎన్నికలై ఆరు వారాలైతే ఏం? ఓడిపోయినవాడికి కూడా అయిపోవద్దూ?

ఏంటా చూపు? కోటు కోసం వచ్చావు, తెలుసులే. తాతయ్యతో మాట్లాడ్డానికి రాలేదని తెలుసు. థాంక్స్‌గివింగ్ పండగ నాడు పళ్ళెం ముందు నుంచి లేచి నీ ఫ్రెండు ఇంటికి వెళ్ళినదానివి, మళ్ళీ ఇవాళే ఈ గడప తొక్కడం. ఇరవై రెండు రోజులు. లెక్కపెట్టుకున్నాను.

మాట్లాడకు. నీ ఇష్టం. మాస్కు కూడా తియ్యకు, నేను దూరంగానే ఉంటాను. కానీ కాసేపు నిలబడు. నీకొకటి చెప్పాలి. అది తిన్నగా నోటికి రావడం లేదు, ముందు నా గోడు కాస్త విను.

ఎన్నికల నాడు, మంగళవారం, పడుకునేటప్పుడు మావాడు గెలుస్తున్నాడు. శనివారం మధ్యాహ్నానికి ఓడిపోయాడు. ఆ టీవీలో మావాడి ఎరుపంతా కొంచెం కొంచెంగా అవతలివాడి నీలమైపోతుంటే అన్నం సయించక చూస్తూ కూచున్నాను. శనివారం మన వీధిలో కార్ల హారన్లే హారన్లు. నువ్వు మేడ మీద ఫోన్లో కేరింతలు కొట్టావు. విన్నాను. తాతయ్య కింద ఎలా ఉన్నాడో అని ఒక్క మెట్టు దిగావా?

నాకేమనిపించిందో చెప్పనా? ఈ దేశంలో నేనింకా పెట్రోలు కొట్టేవాణ్ణే అనిపించింది.

ఈ రాష్ట్రంలో ఎవడి కారుకి వాడు పెట్రోలు కొట్టుకోకూడదు కదా, ఆ రూలు పుణ్యాన ఇరవై రెండేళ్ళు బతికాను. అద్దం రెండంగుళాలు దించి కార్డు బయటికి చాపేవాళ్ళు. మొహం చూసేవాళ్ళు కాదు. ఆ హారన్లు కొట్టింది వాళ్ళే అనిపించింది.

మావాడి నోరు మంచిది కాదు. నాకు తెలీదా? అలాంటి మాట మీ అమ్మమ్మ ముందు ఎవడన్నా అని ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి. కానీ పదకొండేళ్ళు వరసలో నిలబడి, వీసా వచ్చాకే విమానం ఎక్కినవాణ్ణమ్మా నేను. చట్టప్రకారం వచ్చి, ఒళ్ళొంచి పనిచేసి, దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి గురించి ఆ వైపే ఎవరో ఒకళ్ళు మాట్లాడారు. నీ వైపు వాళ్ళు నాకు పాఠాలు చెప్పారు. అంతే తేడా.

ఆగు, ఆగు. తాళాలు ఆడించకు. వస్తున్నాను ఆ సంగతికే.

మీ అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ పోస్టులో వచ్చిన మా ఓట్లు ఆ భోజనాల బల్ల మీదే వేసుకునేవాళ్ళం. ఎదురెదురుగా కూచుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, బళ్ళో పిల్లల్లాగా. ఆవిడ అటు, నేను ఇటు. కవర్లు అంటించాక, "మీ ఓటు నేను కొట్టేశాను, ఇంక లేచి కాఫీ పెట్టండి" అనేది జ్ఞానప్రసూన. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ నేనే పెట్టేవాణ్ణి.

ఈసారి ఎదుటి కుర్చీ ఖాళీ. ఫిబ్రవరిలో పోయింది కదా. ఒక్కణ్ణే కూచుని వేశాను. సంతకం చేసి, కవరు అంటించి, టౌన్ హాల్ ముందున్న ఓట్ల పెట్టెలో వెయ్యమని నీ చేతికిచ్చాను. నువ్వు మొహం ముడుచుకున్నావు. ఎవరికి వేశానో తెలుసుగా! అయినా తీసుకెళ్ళావు.

తర్వాత మా వాకింగ్ గ్రూపు భాస్కరరావు మన గుమ్మంలోనే నిలబడి, ఫోన్లో ఏదో నొక్కి చూసి, "మీ ఓటు లెక్కలోకి రాలేదండీ రాఘవులుగారూ" అన్నాడు. అంతే. నా ఒళ్ళు మండిపోయింది. నా ఓటు లెక్కలో లేదంటే, అది మోసుకెళ్ళింది ఎవరు?

నువ్వు పండగ నాడు ఎంత మెల్లిగా అడిగావే! "తాతయ్యా, సిగ్నేచర్ మ్యాచ్ కాలేదేమో, లెటర్ ఏమన్నా వచ్చిందా?" అని. లెటరూ లేదు, గిటరూ లేదు, నువ్వే చెత్తబుట్టలో పారేశావన్నాను. అందరి ముందూ. మీ అమ్మ నోరు మీద చెయ్యి పెట్టుకుంది.

అక్కడితో ఊరుకున్నానా? వాకింగ్ గ్రూపు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను. సొంత మనవరాలే తాత ఓటు పారేసింది, ఇంక బయటివాళ్ళు ఎన్ని పారేశారో చూసుకోండి అని. గొంతు వణికించి మరీ చెప్పాను. ఎన్ని దండాలు, ఎన్ని కన్నీటి బొమ్మలు వచ్చాయనుకున్నావు! ఈ పార్సిప్పనీ ఊళ్ళో నా మాట అంతమంది విన్నది అదే మొదలు. హెర్న్‌డన్ వెళ్ళింది, దేశం అటు చివర శాంటా క్లారా వెళ్ళింది. అక్కడెవరో విజయశ్రీగారట, మీ అమ్మకి ఫోన్ చేసి, "మీ అమ్మాయేనా?" అని అడిగిందట.

నువ్వు పారెయ్యలేదు మేధా.

ఇదిగో. పట్టుకో. తడిసింది, మెల్లిగా పట్టుకో, చిరుగుతుంది.

చలికి కరివేపాకు కుండీ లోపల పెట్టుకున్నాం కదా. నీళ్ళు కారితే చెక్క నేల పాడవుతుందని మీ అమ్మ సణిగితే, మెయిల్‌బాక్సులో వచ్చిన ఓట్ల ప్రచారం కాయితాలన్నీ దాని కింద పరిచాను. రోజుకి పది వచ్చేవి, ఎవడు చదువుతాడు? అందులో ఇదొకటి. కౌంటీ ఎన్నికల ఆఫీసు వాళ్ళది. మీ సంతకం మా దగ్గరున్న సంతకంతో కలవలేదు, ఇది మీదేనని రాసి నవంబరు పద్దెనిమిదిలోగా పంపండి అని. మూడుసార్లు చదివాను.

ఆ పండగ నాడు నేను నీ మీద అరుస్తుంటే, ఇది నా కుర్చీ వెనకాలే, మూడడుగుల దూరంలో నానుతోంది.

సంతకం ఎందుకు కలుస్తుంది? వాళ్ళ దగ్గరున్నది సిటిజన్ అయినప్పుడు ఇంగ్లీషులో పెట్టిన కోడిగీతలు. ఈసారి నేను తెలుగులో పెట్టాను. కావాలని కాదే. పెళ్ళినాటికి నేను వేలిముద్రగాణ్ణి. పచ్చి పొగాకుని మంటతో ఆరబెట్టే బేరన్‌లో రాత్రంతా మంట ఎగదొయ్యడం నా పని. మీ అమ్మమ్మ అన్నం తెచ్చి, ఆ మంట వెలుగులో, ఇనప తలుపు మీద సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించింది. మొదట నా పేరే. ఆ రోజు ఖాళీ కుర్చీ కేసి చూస్తూ కలం పట్టుకుంటే, చెయ్యి దానంతటదే ఆ పేరు రాసేసింది.

చూశావా, ఈసారీ ఆవిడే నా ఓటు కొట్టేసింది.

నవ్వవేం? ఆవిడైతే నవ్వేది.

కవరు ఇవాళ దొరికిందనుకుంటున్నావు కదూ? కాదు. సోమవారం దొరికింది. చదివాను. చదివి, మడిచి, మళ్ళీ కుండీ కిందే పెట్టేశాను. నాలుగు రోజులు దానికి నీళ్ళు పోస్తూ తిరిగాను. ఓటు దోచుకున్నారంటే నలుగురూ వచ్చి ఓదారుస్తారు. నా ఓటు నేనే పాడుచేసుకున్నానంటే ఎవరొస్తారు? నువ్వు దొంగవైనా సరే, నేను వెర్రివాణ్ణి కాకూడదనుకున్నాను. ఆ మాటే నోటికి రానిది. వచ్చేసింది.

లేదు, నీ ఒక్కదానికే కాదు, గ్రూపులో కూడా చెప్పాను. పొద్దున్నే చెప్పాను. తప్పు నాది, పిల్ల బంగారం, ఉత్తరం నా ఇంట్లోనే ఉంది అని. భాస్కరరావు ఏమన్నాడో తెలుసా? "ఇంట్లోవాళ్ళు అలా చెప్పమన్నారా రాఘవులుగారూ? భయపడకండి, మేమున్నాం" అని. ఇంకెవరో, ఆ ఉత్తరం కూడా వాళ్ళే తర్వాత పుట్టించి ఉంటారు అంకుల్ అని. నేను పోట్లాడాను. గ్రూపంతా నా మీద జాలిపడింది.

మొదటి మెసేజ్ ఇంకా తిరుగుతూనే ఉందట. నా గొంతే. నేనే ఆపలేకపోతున్నాను.

క్షమించమనను. అడిగే మొహం కాదిది.

కరివేపాకు కోసి ఉంచాను, నీ ఫ్రెండు వాళ్ళింట్లో దొరకదేమోనని. తీసుకెళ్తావా? వద్దా. సరే. పోనీ ఆ కవరన్నా తీసుకెళ్ళు, ఎవరన్నా అడిగితే చూపించడానికి... అదీ వద్దా. సరే.

అరె, మళ్ళీ ఆ బోర్డెందుకే? లాగు, లాగు. ఈసారి నేనేమీ అనను. రావడం లేదు కదూ? నేను పొద్దున్నే లాగి చూశాను. నిన్నటి మంచుకి నేల బిగుసుకుపోయింది, మార్చి దాకా వదలదు.

ఉండనీలే. వెళ్ళేముందు కారు వెనకద్దం తుడుచుకో. కోటు గుండీలు పెట్టుకో.