పొయ్యి దగ్గర రెండో మనిషి

పిండి కలిపే ఆవిడ రాగానే, బేకరీలో పొయ్యి చూసే మేస్త్రీ తలుపు దగ్గరగా వేశాడు.

“నా పని నీకెందుకు నేర్పమంది అక్కా, ఆ కొత్త సూపర్‌వైజరమ్మ?”

“నాకేం తెలుసురా? శుక్రవారంలోగా నేర్చుకోమంది.”

“చూశావా, గడువు కూడా పెట్టింది! నన్ను కూరలో కరివేపాకులా తీసి పారేద్దామనే.”

“శనివారం మీ ఆవిడకి ఆపరేషన్ కదూ?”

“అయితే?”

“సెలవడిగావా?”

“ఎలా అడుగుతాను? నేను రాకపోతే పొయ్యి ఎవరు చూస్తారు?”

“సూపర్‌వైజరమ్మా నన్ను అదే అడిగింది.”

అయినా మేస్త్రీ కళ్లు చిట్లించాడు.

“ఆపరేషన్ సంగతి ఆవిడకెవరు చెప్పారు? నువ్వేనా?”

“నీ అనుమానం తగలెయ్య! ముందు ఆ మంట తగ్గించడం చూపించు. శనివారం రొట్టెలు మాడితే మాటపడేది నేను.”