మా అమ్మ నెత్తి ఒక దిక్కు సపాటంగ ఎందుకున్నది

ఆదివారం మందిరం నుంచి వచ్చినంక మా అమ్మ తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకోను మిద్దె మీదికి పోయింది. అమ్మమ్మ వాకిట్ల కూసోని చిక్కుడుకాయలు తుంచుతున్నది. నేను పక్కకు పోయి మెల్లగ అడిగిన. "అమ్మమ్మా, మా అమ్మ నెత్తి ఎనుక కుడి దిక్కు గంత సపాటంగ ఉంటదేంది? కొబ్బరికాయ ఒక పక్క చెక్కినట్టు! చిన్నప్పుడు ఏడన్న జారవిడిచినవా?"

నేనడిగింది నవ్వులాటకే. అమ్మమ్మ మాత్రం నవ్వలే. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్న. నడుమ నేనేసిన జోకులు తీసేసిన, అవి అంత బాగలేవు.

*

నీ నోట్ల మన్ను వడ, జారవిడుస్తనారా? నా కడుపుల పుట్టిన పిల్లను! నవ్వు, నవ్వు. నీకు జోకు. గీ ఇంట్ల ఇన్నేండ్లల్ల ఒక్కలన్న గా మాట నన్ను సక్కగ అడిగిండ్రా అంటె, లేదు. అందరు నాకే చెప్పిండ్రు. ఎందుకైందో నాకే చెప్పిండ్రు.

గప్పుడు మేము పటాన్‌చెరుల కిరాయికుంటిమి. ఒక్కటే అర్ర. నేను, మీ తాత, మా అత్త. మామ మా పెండ్లికి ముందే పోయిండు. కంపెనీలు గప్పుడప్పుడే లేస్తున్నయ్. ఇప్పుడు నువ్వు పాశమైలారం దిక్కు పోతె ముక్కు మూసుకుంటవ్ గద, గప్పుడు గా జాగల జొన్న చేండ్లుండె. బస్సు కిరాయి పైసల్లనే ఉండె, అయినా మేము నడిచే పోతుంటిమి. మీ తాత ఒక కంపెనీల మిషిన్ మీద చేరిండు. యూనియన్ అని తిరుగుతుండె. అబ్బ, ఏం మాట్లాడేటోడనుకున్నవ్! గేటు ముంగట నిలవడి మాట్లాడితె మైకు అక్కర లేకుండె. మేనేజర్ బయటికొచ్చి ఇనేటోడు. గా నోరు సూశే మా నాయన నన్నిచ్చిండు, రుద్రారం నుంచి గక్కడికి.

ఏం చెప్తున్న? ఆఁ, నేను మోసిన తట్టల ముచ్చట. మీ తాత కంపెనీ పక్కన ఇంకో షెడ్డు కడుతున్నరు. నేను కడుపుతోనున్న. మా అత్త, "ఇంట్ల కూసుంటె ఏమొస్తది, నడుం వంగితె కాన్పు తేలికైతది, పో" అన్నది. పోయిన. కంకర తట్టలు నెత్తి మీద పెట్టుకొని పలకల మీద ఎక్కుడు, దిగుడు. ఆరు నెలలు నిండెదాక మోసిన. ఏడు నిండెదాకనేమో. పంపింది ఎవలంటివి? మా అత్త. గది మర్వకు.

పిల్ల ఇంట్లనే పుట్టింది. మా అత్తనే కాన్పు చేసింది. వాడకట్టుల ఆమె చెయ్యి మంచిదని పేరు. ఉత్తగ చెప్పొద్దు, మంచిదే. గని పిల్ల భుజం కాడ ఆగింది. అత్త జెర గుంజింది. నెత్తి జెర సాగినట్టుండె, అందరు పిల్లలకు ఉండేదే, వారంల గుండ్రంగైంది. నా కండ్లతోని సూసిన. గుండ్రంగ, నిమ్మకాయ లెక్క, కాదు, నిమ్మకాయ పొడుగుంటది, బత్తాయి లెక్క.

దినాం పొద్దుగాల మా అత్త కాళ్లు సాపుకొని, పిల్లను కాళ్ల మీద ఏసుకొని, ఉడుకు నీళ్లు పోసేది. మాడు మీద ఆముదం అద్దేది. రెండు అరచేతులతోని నెత్తి వత్తేది, గుండ్రంగ రావాల్నని. పిల్లంటె ఆమెకు పానం. గది నేను కాదనను.

నెల దాటినంక, ఒకనాడు పాలిస్తుంటె నా చేతికి తగిలింది. ఎనుక కుడి దిక్కు సపాటం. పీట మీద పెట్టి నొక్కినట్టు. మా అత్తకు చూపిచ్చిన. చూపియ్యకుంటె అయిపోతుండెనేమో. చూపిచ్చిన.

సూసింది. నా దిక్కు తిరిగింది. "తట్టలు మోసినవ్. గా కంకర బరువంత కడుపుల పిల్ల నెత్తి మీద వడ్డది."

సూడు ఇప్పుడు. పంపింది ఆమె, మోసింది నేను, నెత్తి వంకర వోయింది పిల్లది. తప్పెవలది? నాది. నీళ్ల నల్ల కాడ ఆడోళ్లంత గదే మాట. మందిరంల ప్రార్థన అయినంక గూడ గదే మాట. "అయ్యో, కడుపుతో ఉండి బరువులు మోస్తరా?" "మెదడు గూడ వత్తుకపోయి ఉంటది, ఇగ పిల్లకు బుద్ధి రాదు, మాటలు రావు." పిల్లను ఒళ్లె పెట్టుకొని ఇంటుంటి. నాకు గూడ గట్లనే అనిపిచ్చుడు షురువైంది. తట్ట మోస్తె బరువు ఏడికి పోతది మరి? కిందికే గద పోతది. కింద పిల్లనే గద ఉన్నది. నవ్వకు. సదువుకోనోళ్లకు గట్లనే అనిపిస్తది.

పాస్టరమ్మ గట్టిగ చెప్తె మిషనోళ్ల దవాఖానకు పోయినం. మీ తాత, నేను, అత్త. లోపలికి తల్లిదండ్రులే రావాలన్నరు. అత్త బయట మెట్ల మీద సద్దిమూట పట్టుకొని కూసున్నది.

డాక్టరమ్మ మలయాళమామె. తెలుగు అడ్డం దిడ్డం మాట్లాడుతది. ముందుగాల ఒకటే అడిగింది. "పాప తల పుట్టినప్పుడే ఇలాగా, తర్వాత వచ్చిందా?" మీ తాత, "మా అమ్మకెరుక మేడం, బయటున్నది, పిలుస్త" అన్నడు. డాక్టరమ్మ, "మీ అమ్మ వద్దు. పాప అమ్మ చెప్పాలి" అన్నది. గా మాట ఇంటె నాకెట్లయ్యిందంటె బిడ్డా, ఎవలో పీట ఏసి కూసో అన్నట్టైంది. "పుట్టినప్పుడు గుండ్రంగనే ఉండెనమ్మా, నెల దాటినంక గిట్లైంది" అన్న. "గుడ్" అన్నది. "సగం జవాబు ఇదే" అన్నది. ఏ దిక్కు పండుకుంటది, ఏ దిక్కు పాలు మంచిగ తాగుతది, అన్ని నన్నే అడిగింది.

పిల్లను నా ఒళ్లె కూసోవెట్టుమని, ఎనుకకొచ్చి నిలవడి పైనుంచి సూసింది, బాయిలకు తొంగి సూసినట్టు. రెండు చిటికెన వేళ్లు రెండు చెవులల్ల పెట్టింది. కుడి చెవి జెర ముందటికి జరిగి ఉన్నది. కుడి దిక్కు నొసలు గూడ జెర ముందటికున్నది. గన్ని దినాల సంది సూస్తున్న గని గది నాకే కనవడలే. ఎనుక నుంచి నూకితె మొత్తం కలిసి ముందటికి జరిగినట్టన్నమాట. గట్లుంటె ఒక్క దిక్కే పండుకునుడుకు అయినట్టంట.

ఇంకోటి ఉంటదంట, గదే భయమైంది. నెత్తి ఎముక ఒక్కటి కాదంట బిడ్డా, పలకలు పలకలుంటయంట, నడుమ అతుకులుంటయంట. పిల్ల పెరుగుతుంటె గవి జరిగి మెదడుకు జాగ ఇస్తయంట. గా అతుకు ముందుగాలనే మూసుకపోతె నెత్తి వంకర పెరుగుతది, చెవి గూడ ఎనుకకు గుంజుకపోతదంట. గదైతె పెద్ద ఆపరేషన్. డాక్టరమ్మ కండ్లు మూసుకొని వేళ్లతోని నెత్తంత తడిమింది, అతుకుల మీద ఏడన్న గట్టిగ గట్టు లెక్క తగుల్తదా అని. తగల్లే. మాడు మీద వేలు పెట్టింది. మెత్తగున్నది, టకటక కొట్టుకుంటున్నది. టేపుతోని నెత్తి సుట్టు కొల్చింది. సరిపోను పెరుగుతున్నదన్నది.

ఇగ తాళంచెవుల గుత్తి తీసింది. కుడి దిక్కు గలగల అనిపిచ్చింది, పిల్ల తిరిగింది. ఎడమ దిక్కు అనిపిచ్చింది. కండ్లు గటు పోయినయ్, మెడ సగంల ఆగింది. మళ్ల అనిపిచ్చింది. మళ్ల ఆగింది. డాక్టరమ్మ నవ్వి, నా వేలు వట్టుకొని పిల్ల మెడ మీద ఎడమ దిక్కు పెట్టింది. లోపల కండల రేగ్గింజంత గడ్డ! దినాం గా మెడకే పౌడరు రాస్తున్ననే, నాకు దొరకలే.

"ప్రాబ్లం తల కాదమ్మా, మెడ" అన్నది. మెడ కండ బిగుసుకపోయింది, ఎడమకు తిరగనిస్తలేదు, గందుకు ఎప్పుడు కుడి దిక్కే పెట్టి పంటది, మెత్తటి నెత్తి గా దిక్కే సపాటమైంది. పచ్చి ఇటుక ఒక్క దిక్కే పడి ఉంటె అయినట్టు. కడుపుల ఇరుకుండి అయితదంట, పుట్టేటప్పుడు గుంజుకపోతె గూడ అయితదంట. ఎందుకన్న మంచిదని ఎక్స్‌రే గూడ తీపిచ్చింది. అతుకులన్నీ తెరిచే ఉన్నయని వేలు పెట్టి చూపిచ్చింది, ఎవలకు? మీ తాతకు. బుద్ధికి ఏం కాదు, మాటలొస్తయన్నది.

గప్పుడు నేనడిగిన. "అమ్మా, నేను తట్టలు మోసిన. గందుకేనా?"

డాక్టరమ్మ నా దిక్కు సూసింది. "ఆ బరువు నీ మీద పడింది తల్లీ. పాప మీద కాదు" అన్నది. మీ తాత దిక్కు తిరిగి, "ఎవరి తప్పు లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు నువ్వే చెప్పు" అన్నది. మీ తాత తలకాయ ఊపిండు. ఊపిండు, నేను సూసిన.

మెడ ఎట్ల తిప్పాల్నో నేర్పింది. తొట్టెల పిల్ల తల అటుది ఇటు మార్చుమన్నది, దర్వాజ ఎడమ దిక్కు రావాలె, ఎలుగు సూడనీకి పిల్ల ఎడమకు తిరగాలె.

బయటికొచ్చినం. అత్త మెట్ల మీదికెల్లి లేసింది. "ఏమన్నదిరా?"

గేటు ముంగట మైకు లేకుండ మాట్లాడేటోడు. కంపెనీ మేనేజర్ని నిలవెట్టి అడిగేటోడు. ఏమన్నడో తెల్సా? "ఏమనలేదమ్మా. నూనె మంచిగ రాయమన్నది."

అగో, గంతే. ఎందుకన్నడు? నాకెరుక. మెడ గుంజుకపోయిందని చెప్తె కాన్పు చేసిన చేతుల మీదికి పోతది మాట. తల్లి బాధవడ్తది. ఎవలదీ తప్పు కాదని డాక్టరమ్మ చెప్పింది గద, గదే చెప్పొచ్చు గద? గంత పొడుగు చెప్పనీకి భయమైంది. నేను బాధవడితె ఏం కాదు. నేనెట్లన్న మోస్తున్ననాయె.

నేను చెప్పిన. బస్సులనే చెప్పిన, "అత్తా, మెడ అన్నదత్తా" అని. ఆమె కొడుకు దిక్కు సూసింది. ఆయన కిటికీలకెల్లి బయటికి సూసిండు. "తప్పు కప్పుకోనీకి డాక్టరమ్మ పేరు చెప్తున్నవా?" అన్నదామె.

ఇంటికొచ్చి తొట్టెల పిల్ల తల మార్చిన. మారిస్తె తల ఉత్తరం దిక్కొచ్చింది. మా అత్త ఏసయ్యను మొక్కుతది, బొట్టు పెట్టది, గని ఉత్తరం దిక్కు తల పెట్టి పండుకోనియ్యది! "శవాన్ని పండవెట్టినట్టు పెడ్తవా పిల్లను?" అని తిప్పేది. నేను నీళ్లకు పోయొచ్చి మళ్ల మార్చేది. నేను పనికి పోయినంక ఆమె మళ్ల తిప్పేది. ఒక్క మాట, "అమ్మా, డాక్టర్ చెప్పింది" అని ఆయన అంటె అయిపోతుండె. "మీ ఆడోళ్ల పంచాదిల నేను రాను" అనేటోడు. మెడ నేను తిప్పిన బిడ్డా, పాలిచ్చినప్పుడల్ల దొంగతనం చేసినట్టు తిప్పిన. మెడ సక్కగైంది. గడ్డ కరిగింది. నెత్తి సగం నిండింది. గా మిగిలిన సగమే నువ్వు జోకులేస్తున్నది.

గా నిండిన సగం ఎవల పుణ్యం? మా అత్త చేతుల పుణ్యం, వాడకట్టంత చెప్పుకున్నరు. నిండని సగం నా తట్టలది.

మీ అమ్మ పెద్దగైంది. బళ్లె పోరగాండ్లు వెక్కిరిచ్చిండ్రు. వచ్చి నా మీద వడ్డది. "నాయనమ్మ చెప్పింది, నువ్వు తట్టలు మోస్తెనే నా నెత్తి గిట్లైందంట." కాదు బిడ్డా, మెడ అన్న. నాయన్నడుగుత అని ఉరికింది. ఆయనేమన్నడు? "పాత ముచ్చట్లెందుకు, పో, సదువుకో." పిల్ల మళ్ల నా దిక్కు సూడలే గా దినం.

అత్త పోయినంక, సమాధుల కాడికెల్లి వచ్చి మీ తాత కాళ్లు కడుక్కుంటుంటె అడిగిన. "ఇప్పుడన్న చెప్తవా, డాక్టరమ్మ ఏమన్నదో?" ఆయన చెంబు కింద పెట్టి, "ఇప్పుడెవలకు చెప్పాలె? ఇనేటామె పోయె గద" అన్నడు.

ఇనేటామె పోయిందంట. మీ అమ్మ గక్కడనే ఉన్నది, గోడకానుకొని ఏడుస్తున్నది. నేనున్న. మేము మనుషులం కాదా? ఆయన పొయ్యేదాక ఎదురు సూసిన, దవాఖానల మంచం కాడ గూడ కూసోని సూసిన, ఒక్కసారన్న బిడ్డను పిలిచి చెప్తడేమో అని. బిడ్డను పిలిచిండు. మందులు కొనుక్క రమ్మన్నడు.

మీ అమ్మ మంచిదిరా. నన్ను ఇంట్ల పెట్టుకున్నది, అన్నం పెడ్తది, గోళీలిస్తది. గని జడేసుకున్నప్పుడు అద్దంల ఒకపారి ఎనుకకు తడుముకొని, నా దిక్కు ఒక సూపు సూస్తది. కోపం కాదు. మాఫ్ చేసినట్టు సూస్తది. నేను చెయ్యనిదానికి మాఫ్ చేస్తది! గదే నాకు సైసది, ఓర్వనీకి రాదు.

ఏందిరా, చిక్కుడుకాయలు నువ్వు తుంచుతున్నవ్? జోకెయ్యి.

మెట్ల మీద సప్పుడైతున్నది, దిగొస్తున్నట్టున్నది. నేను లోపలికి పోత. నా మాట నమ్మలే, నీ మాట నమ్ముతదేమో. జెర మెల్లగ చెప్పు, వాళ్ల నాయనను తిట్టకు, ఆమెకు నాయనంటె పానం. మెడ అని చెప్పు సాలు. రేపు నీకు పెండ్లామొస్తది బిడ్డా, పిల్లలైతరు. దవాఖానల ఇన్నది ఇంట్ల చెప్పే నోరు దేవుడు నీకియ్యాలె. సల్లగుండు. అగో, వచ్చింది, చెప్పు... చెప్పురా...