మామయ్య తెచ్చిన మాత్ర

అబ్బా, మన ల్యాబ్‌లో మెషిన్ తప్పేనమ్మా! ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? రేపు ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు, గొంతులో గ్రంథిని మాడ్చేసే ఆ రేడియో అయోడిన్ మందూ మింగక్కర్లేదు. నీ థైరాయిడ్ నీకే ఉంటుంది. డాక్టరు గారికి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. ఆ సంచిలో బట్టలు తీసి బీరువాలో సర్దేసుకో, పో.

ఏంటలా చూస్తావు? మెషిన్లు తప్పు చెప్పవా ఏంటి? సర్వీసు వాడేమో రేపు మాపు అంటూ తిప్పుతాడు. వాడి సంగతి తేలుస్తానుండు.

ఇదిగో, ఆ ఏడుపెందుకిప్పుడు? ‘మీరుండబట్టి బయటపడ్డాను మామయ్యా’ అని మాత్రం అనకు. ఇంకేమన్నా అను, ఆ మాటొక్కటీ వద్దు తల్లీ. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు.

కూర్చో. బుడ్డిదాన్ని ఒళ్లో వేసుకుని ఇలా కూర్చో. ఆ తలుపు దగ్గరగా వెయ్యి. మీ అత్తయ్య వినకూడదని కాదు... సరే, వినకూడదనే.

మెషిన్ నిక్షేపంలా ఉంది. తప్పు నాది.

పురిటి తర్వాత నీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే నేనేమన్నాను? ‘బయోకెమిస్ట్రీ ల్యాబ్ నడిపేవాడి కోడలికి బట్టతలా?’ అన్నాను. అందరూ నవ్వారు. మర్నాడే ఆ బయోటిన్ విటమిన్ మాత్రల డబ్బా తెచ్చాను. ఇంట్లో అందరి ముందూ నీ చేతిలో పెట్టాను. అదో గొప్ప నాకు!

అదేం విషం కాదులే, భయపడకు. మన ఒంట్లో ఎంజైములని ఉంటాయి, పనివాళ్లనుకో. తాపీమేస్త్రి ఎంత గట్టివాడైనా చేతిలో తాపీ లేకపోతే గోడ లేస్తుందా? ఆ తాపీలాంటివే కోఫ్యాక్టర్లు. బయోటిన్ వాటిలో ఒకటి. కాకపోతే ఒంటికి చిటికెడు చాలు. నేను తెచ్చింది గంపెడు.

థైరాయిడ్ టెస్టు కిట్‌లో కూడా ఆ బయోటిన్‌నే జిగురులా వాడతారమ్మా. నీ రక్తంలో అదే పొంగిపొర్లుతుంటే, కిట్‌లో అతుక్కోవాల్సినవి అతుక్కోవు. లెక్కలన్నీ తారుమారు. లేని జబ్బు ఉన్నట్టే కనిపిస్తుంది.

నాకు తెలీదా? ఎందుకు తెలీదు! ‘విటమిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి’ అని కౌంటరు దగ్గర బోర్డు పెట్టించిందే నేను. వచ్చిన ప్రతివాళ్లనీ ఆ మాట అడుగుతారు. నిన్ను మాత్రం ఎవరూ అడగలేదు. పసిపిల్లతో లైన్లో ఎందుకులే అని ఈ భోజనాల బల్ల దగ్గరే నేను రక్తం తీశానుగా. రిపోర్టు మీద సంతకమూ నేనే పెట్టాను.

రిపోర్టేమో నీ థైరాయిడ్ పరుగులు పెడుతోందంది. నువ్వేమో మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకుని వణికావు. మొహం ఉబ్బిపోయింది. కూర్చున్నచోటే కునికేదానివి. ఉండదూ మరి? బాగున్న గ్రంథిని డాక్టరిచ్చిన థైరాయిడ్ మాత్రలతో నొక్కేస్తుంటే! రక్తంలో ఆ హార్మోను తగ్గలేదని డాక్టరు డోసు పెంచాడు. ‘మామయ్యా, ఇవి వేసుకుంటే ఇంకా నీరసంగా ఉంటోంది’ అని నువ్వు మొత్తుకున్నావు. నేను కాగితాన్ని నమ్మాను, నిన్ను నమ్మలేదు. పైగా మావాడితో ఏమన్నానో తెలుసా? ‘ఒళ్లు వంచడానికి బద్ధకంరా’ అన్నాను. వాడు అదే మాట నీ మొహం మీద అన్నాడు. ఆ రాత్రి నువ్వు అన్నం తినలేదు.

నాలుగు రోజుల కిందట మళ్లీ రక్తం తీద్దామని నీ చేతికి పట్టీ కడుతుంటే, రెండో చేత్తో ఆ బయోటిన్ మాత్ర నోట్లో వేసుకున్నావు చూడు, అప్పుడు తట్టింది. కడుపులో మంట పుడుతుంది, నాలుగు రోజులు ఆపెయ్యమ్మా అని చెప్పానా? అదీ అబద్ధమే. ఇవాళ తెల్లారి మళ్లీ తీసి, ల్యాబ్‌కి పరిగెత్తి చూసుకున్నాను. నీకా జబ్బు లేదు. ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా మాత్రలతో మేం చేసిందే.

డాక్టరు గారికీ మెషిన్ అనే చెప్పాను. ఆయన నమ్మాడు. నువ్వూ నమ్మావు. తప్పించుకునేవాణ్ణే! నువ్వు ఏడుస్తూ ‘మీరుండబట్టి’ అనకపోయి ఉంటే... ఛీ, ఏం మనిషిని!

ఫోన్ ఇక్కడే ఉంది. నీ ముందే ఆయనకు ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ థైరాయిడ్ మాత్రలు ఇంక వద్దని ఆయనే అన్నాడు, అది మాత్రం నిజం. నీ ఒళ్లు మెల్లగా తేరుకుంటుంది.

ఏంటీ? పాలా?

రేడియో మందు కోసం బిడ్డకు పాలు మాన్పించాలన్నారు. నువ్వు మాన్పించావు. గది తలుపేసుకుని, చెవులు మూసుకుని, ఇది గుక్కపట్టి ఏడుస్తుంటే... మళ్లీ వస్తాయా అంటే, ఏమో తల్లీ. ఒక్కోసారి వస్తాయంటారు. నాకు తెలీదు. అన్నీ తెలిసినవాడిలా ఇన్నాళ్లూ తిరిగాను, ఇది మాత్రం తెలీదు.

తిట్టమ్మా. తిట్టు. మామగారినని చూడకు.

అదిగో, బుడ్డిది ఆకలికి లేచింది. ఆ సీసా ఇలా ఇవ్వు, నేను పాలు కలుపుకొస్తాను.

వద్దా?

సరే... సరేలే. నా చేత్తో ఏదీ వద్దులే.