తడిగుడ్డ కింద టమాటా నారు

నమ్మనని ముందే చెప్పెయ్ అమ్మడూ, నేనేమీ అనుకోను. నమ్మకుండా లేచిపోయినవాళ్ళు బోలెడుమంది, కానీ వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చి "ఇంతకీ ఏమైంది తాతయ్యా" అని అడగనివాడు మాత్రం ఇంకా పుట్టలేదు. ముందా చెంబు కింద పెట్టు. పెట్టమంటున్నానా! ఆ గుడ్ల అట్టలో నువ్వు వేసిన టమాటా విత్తనాలకి పొద్దుట్నించీ ఎన్నోసారి ఇది నీళ్ళు పోయడం? మొలక రాలేదని భయమా? ఆ, అదే వద్దంటున్నాను. ఆ భయమే మా రొట్టెల పెదనాన్నని నిలువునా వణికించింది. ఎవరనుకున్నావు రొట్టెల పెదనాన్నంటే! మనిషి గుమ్మంలో నిలబడితే పట్టపగలు ఇంట్లో దీపం పెట్టుకోవాలి. పిండి బస్తా ఈ చంకలో ఒకటి, ఆ చంకలో ఒకటి, ఇంకోటి పళ్ళతో. నవ్వకు, పళ్ళతోనే. పొయ్యిలోంచి కాలే రేకులు ఉత్త చేతుల్తో లాగేవాడు. ఆయన రొట్టె దించితే వాసన పక్క ఊరిదాకా పోయి అక్కడి బేకరీవాడు కొట్టు కట్టేసుకునేవాడు. అలాంటి మనిషి, వేలెడు కూడా లేని టమాటా మొలక ముందు కళ్ళు తెరవడానికి భయపడి నిలబడ్డాడు.

ఏం చెబుతున్నాను... ఆ, గోడ. ముందు బేకరీ, వెనక ఇల్లు. పెద్ద పొయ్యి వీపు సరిగ్గా పెద్దమ్మ వంటింటి గోడ. ఎంత చలికాలమైనా ఆ గోడ పిల్లి కడుపులా వెచ్చగా ఉండేది. దాని మీద చెక్క అర. బాగా పండిన టమాటా పిండి, విత్తనాల జిగురు కడిగి, కాగితం మీద ఆరబెట్టి, పాత రొట్టె టిన్నుల్లో జల్లించిన మట్టి పోసి వేసేది పెద్దమ్మ. టిన్నుల అడుగున మేకుతో కన్నాలు. మొలక కనిపించగానే టిన్ను కిటికీలోకి మారేది. వీధి వీధంతా ఆవిడ నారే పట్టుకుపోయేవాళ్ళు. ఆ ఏడాది విత్తనాలు వేసీ వెయ్యగానే ఆవిడకి కడుపులో గడ్డ అన్నారు, కోసి తియ్యాలన్నారు, ఆసుపత్రిలో చేర్చమన్నారు. బండెక్కుతూ ఆవిడ నవ్వుతూనే అంది, "నా నారు జాగ్రత్తయ్యా, అది బతికితే నేనూ బతుకుతా" అని. మాటవరసకి అంది. ఎవరైనా మాటవరసకే అంటారు. ఈయన మాత్రం ఆ మాటని మింగేశాడు, అది పోయి గుండెకి అడ్డం పడింది.

మొలకలు వచ్చాయి. బ్రహ్మాండంగా వచ్చాయి! పెదనాన్న ఆనందంతో అరిస్తే పావురాలు ఎగిరిపోయాయట. అక్కడితో ఊరుకుని కిటికీలో పెడితే ఏ గొడవా లేదు. కానీ ఆయనకి తెలిసిన పెంపకం ఒక్కటే కదా, పిండి పెంపకం. పిండి పొంగాలంటే ఏం చేస్తారు? వెచ్చగా ఉంచుతారు, తడిగుడ్డ కప్పుతారు, గాలి తగలనివ్వరు. అదే చేశాడు. పొయ్యి గోడకే ఆనించి పెట్టాడు, తడిగుడ్డ కప్పాడు. టిన్ను కింద చెమ్మ చూసి "అయ్యయ్యో, తాగే నీళ్ళన్నీ కారిపోతున్నాయి" అని పిండిముద్దతో కన్నాలన్నీ మూసేశాడు! ఎదురింటి కత్తెరమ్మ చూసింది. దర్జీ పని చేసేది, మెడలో టేపు, చేతిలో కత్తెర, నోట్లో గుండుసూదులు, ఆ సూదుల మధ్యనుంచే మాట్లాడేది. "అన్నయ్యా, అది మొక్క, రొట్టె కాదు. కాస్త గాలాడనీ" అంది. "నీ జాకెట్లు నువ్వు చూసుకో చెల్లెమ్మా" అన్నాడు ఈయన.

ఇక మొదలైంది. పొద్దున రొట్టెలు దించి, చేతులు కడుక్కుని, గుడ్డ కొస పట్టుకుని ఎత్తేవాడు. ఎత్తే ముందు కళ్ళు మూసుకునేవాడట. తెరిచేసరికి కొన్ని మొలకలు పడుకుని ఉండేవి. ఆకు పచ్చగానే ఉంది, మట్టి దగ్గర మెడ మాత్రం దారప్పోగులా సన్నబడి, తడిసి, వాలిపోయి. మట్టి మీద తెల్లగా బూజు. నిన్న నిలబడ్డవి ఇవాళ లేవు. దాహమేమోనని ఇంకాస్త నీళ్ళు. మర్నాడు ఇంకొన్ని. ఇంకాస్త నీళ్ళు. భయపడేకొద్దీ పోశాడు, పోసేకొద్దీ పడిపోయాయి. కిందపడ్డ ప్రతి మొలకకీ ఆయన చెవిలో ఒకటే మాట, అది బతికితే నేనూ బతుకుతా. నిప్పుల పొయ్యి ముందు నిలబడి చలికి వణికిన మనిషి లోకంలో ఆయనొక్కడేనమ్మా.

మధ్యాహ్నం ఆసుపత్రి. కోత అయిపోయింది. తీసిన గడ్డని పరీక్షకి పంపారు. మంచంలో ఆవిడ, పక్కన స్టూలు మీద ఈయన, స్టూలు కిర్రుమంటూ. "నా నారు ఎలా ఉందయ్యా?" "దివ్యంగా ఉందే!" మర్నాడు, "జానెడు పెరిగింది!" ఆ మర్నాడు, "మోకాలెత్తు!" అప్పటికి టిన్నులో బూజు తప్ప ఏం లేదు. పట్టుకెళ్ళి పెరట్లో బూడిదకుప్ప మీద బోర్లించాడు. అయినా మర్నాడెళ్ళి ఏమన్నాడు? "పూత వేసిందే!" అన్నాడు. మా వంశంలో కోతలు కోయడం లేదు గానీ, భయమేస్తే మాత్రం నోరు కాస్త పెద్దదవుతుంది. ఏంటా చూపు? నా సంగతి కాదులే.

పరీక్ష ఫలితం చెప్పేరోజు డాక్టరు గది దాకానే వెళ్ళాడు ఈయన. గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. తోడొచ్చిన కత్తెరమ్మ వెనకనుంచి వీపు మీద ఒక్కటి చరిచి లోపలికి తోసి, తనూ వెళ్ళింది. గడ్డ ప్రమాదమైంది కాదు, ఇంటికి తీసుకెళ్ళొచ్చు అన్నాడు డాక్టరు. కత్తెరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈయనకి మాత్రం కొత్త దడ పట్టుకుంది, ఇంటికొస్తే నారేదీ? పరిగెత్తి నారు అమ్మేవాడి దగ్గరికెళితే టమాటా అయిపోయింది, వంగనారు ఉంది. "ఆకు ఆకే కదా" అనుకుని తెచ్చి టిన్నులో గుచ్చాడు. కత్తెరమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "అన్నయ్యా! అవి వంకాయలు!" "ష్! బండి వచ్చేస్తోంది!"

వచ్చింది. పెద్దమ్మని మంచం మీద పడుకోమంటే పడుకోలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా ఆ అర దగ్గరికే నడిచింది. ఒక ఆకుని రెండు వేళ్ళ మధ్య నలిపింది. టమాటా ఆకు నలిపితే వచ్చే ఘాటు తెలుసుగా నీకు, చెయ్యి కడిగినా పోదు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకో ఆకు నలిపింది. మళ్ళీ పెట్టుకుంది. "ఏమయ్యా, నాకు వాసన రావట్లేదు. ఏ వాసనా లేదు. కళ్ళు కూడా మసగ్గానే ఉన్నాయి" అంది, గొంతు చిన్నదై, "లోపల ఇంకా ఏదో పోతోందా నాకు?" అప్పుడు చూడు ఆయన అవస్థ! నిజం చెబితే నారు చచ్చిపోయిందని చెప్పినట్టు. చెప్పకపోతే, తనే పోతున్నాననుకుంటోంది ఆ మనిషి. బస్తాలు పళ్ళతో ఎత్తినవాడు నేల మీద కూలబడిపోయాడు. "వాసన నీ ముక్కులో కాదే, ఆకులో లేదు! అవి వంకాయలు! నీవన్నీ చచ్చిపోయాయి, నేనే చంపేశాను!" అని బావురుమన్నాడు.

ఆవిడ ఏడవలేదు. మొహం తెల్లగా పాలిపోయింది. "ఇన్నాళ్ళకే పూత వేసిందన్నావు చూడు, అప్పుడే అనుకున్నాను అబద్ధమని. ఎందుకు అబద్ధమాడుతున్నాడు, డాక్టరు ఏదో చెప్పుంటాడు, నన్ను నవ్విస్తున్నాడు అనుకున్నాను. నువ్వు మొక్కని జానెడు పెంచినప్పుడల్లా నా ఆయుష్షు జానెడు తెగిందనుకుంటూ ఆ మంచంలో పడి ఉన్నానయ్యా. ఇప్పుడైనా నిజం చెప్పు, ఏమన్నాడు డాక్టరు?" "గడ్డ మంచిదే అన్నాడే! నిజం!" "పూత కూడా నిజమే అన్నావుగా." ఇదిగో, ఇదమ్మా భయమంటే. జన్మలో ఒక్క నిజం చెప్పాల్సి వచ్చింది, అది నమ్మించడానికి ఆ నోటికి విలువ లేదు. తల మీద ఒట్టు వేశాడు, నమ్మలేదు. పొయ్యి మీద వేశాడు, నమ్మలేదు. ఆఖరికి వీధి అదిరిపోయేలా కేకేశాడు ఎదురింటివైపు. అంతా వింటూనే ఉన్న కత్తెరమ్మ వచ్చింది, నోట్లో సూదులు అలాగే ఉన్నాయి, చేతిలో దారపురీళ్ళ డబ్బా. డబ్బా నిండా పొడిపొడి మట్టి, అందులో నిటారుగా ఒక టమాటా మొక్క. మొలకలు వచ్చిన కొత్తలోనే ఒకటి పీకి పట్టుకుపోయి మిషను పక్క కిటికీలో పెట్టుకుందట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "చెబితే దీనిక్కూడా గుడ్డ కప్పుతాడు వదినా" అంది. సూదులు తీసి అరచేతిలో పెట్టుకుని, డాక్టరు అన్న మాట అన్నట్టే చెప్పింది. పెద్దమ్మ ఆకు నలిపింది. చాలాసేపు వేళ్ళు ముక్కు దగ్గరనుంచి తియ్యలేదు.

ఆ మొక్క కాయలు ఒక్కొక్కటి గుమ్మడికాయంత... సరే, నిమ్మకాయంత అనుకో. పెద్దమ్మ ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికిందో, ఎన్ని నార్లు పోసిందో లెక్కలేదు. ఇద్దరూ పోయారులే ఇప్పుడు. చూశావా, నమ్మట్లేదు నువ్వు. ఆ మూతి చూస్తేనే తెలుస్తోంది. పళ్ళతో బస్తా ఎత్తాడన్నది వదిలెయ్, మిగతాదంతా అక్షరాలా నిజం. ఇప్పటికీ ఆ మిషను పక్క కిటికీలోనే కూర్చుని ఉంది, చూపు ఆనదు గానీ మతి మాత్రం కత్తిలా ఉంది. ఆ చెంబు ఇక్కడే వదిలేసి, వీధి దాటి వెళ్ళి అడుగు, కత్తెరమ్మని.